ఎవరని అడిగిన పెట్టె

"ఎవరు?" అంది ఆంప్లిఫయరు.

చిన్నోడు గిటారు తీగ మీద పెట్టిన వేలు తీయకుండా అలాగే బిగుసుకుపోయాడు. హాల్లో అతను, గిటారు, ఆ పెట్టె తప్ప ఇంకెవరూ లేరు. అడిగింది మగగొంతు. బాగా అలిసిపోయిన గొంతు. ఎక్కడో దూరాన దుప్పటి ముసుగులోంచి అడిగినట్టు ముందు గరగర, వెనక గుర్రు, నడుమ ఆ ఒక్క మాట.

"నేనే అన్నయ్యా," అని నోట్లోనే గొణిగాడు చిన్నోడు. అన్నాక ఉలిక్కిపడ్డాడు. అన్నయ్య వానలకు ముందే పోయాడు. ఇప్పుడు వానలు కూడా పోయే రోజులు.

వంటింట్లోంచి భార్య కేకేసింది. "కవరా? పెట్టె కవరు ఉతికి ఆరేశానండీ!"

పక్కగదిలో అమ్మ మంచం కిర్రుమంది. ఎడమచెవి పూర్తిగా, కుడిచెవి సగం ఉద్యోగ విరమణ చేసిన మనిషి. "పవరు పోయిందా? నా ఫ్యాను తిరుగుతూనే ఉందే!"

వదిన మాత్రం తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె మొహం చూస్తే తెలుస్తోంది, ఆమెకు కవరూ వినపడలేదు, పవరూ వినపడలేదు.

"మీ అన్నయ్య ఎవరని అడుగుతుంటే పలకవేం చిన్నా?" అంది.

గిటారు వాయించేవాళ్ల లోకంలో పెట్టెలు రెండు రకాలుగా కాపురం చేస్తాయి. మొదటిది ఉమ్మడి కాపురం. శబ్దాన్ని పెంచే యంత్రమూ, దాన్ని బయటికి అరిచి చెప్పే స్పీకరూ ఒకే కప్పు కింద ఉంటాయి. దాన్ని కాంబో అంటారు. రెండోది వేరు కాపురం. యంత్రం ఒక పెట్టె, దాని పేరు హెడ్డు. స్పీకరు ఇంకో పెట్టె, దాని పేరు క్యాబినెట్టు, ముద్దుపేరు క్యాబు. హెడ్డు పైన కూర్చుని గుర్రుమంటుంది, క్యాబినెట్టు కింద ఉండి మోస్తుంది. ప్రభుత్వాలు నడిచేదీ ఇలాగే కనక ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ఈ అన్నదమ్ములది కాంబో. ముందువైపు రెండు రంధ్రాలు. మొదటిది అన్నయ్య గిటారుకి, రెండోది చిన్నోడి గిటారుకి. ఇద్దరి వాయింపూ ఒకే గొంతులోంచి వచ్చేది. పెట్టె మహా బరువు. అందుకే అటొక పిడి, ఇటొక పిడి. ఫంక్షనుకి వెళ్లిన ప్రతిచోటా మెట్లుండేవి. మెట్లున్న ప్రతిచోటా అన్నయ్య కిందివైపు పిడి పట్టేవాడు.

"బరువంతా కిందోడి మీదికే జారుతుందిరా. నువ్వు పైనుండు. పైనున్నోడి పని దారి చూడ్డమే," అనేవాడు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం ప్రోగ్రాం అయ్యాక వైరు చుడుతూ చుడుతూ, కాస్త కూర్చుంటానని కూర్చుని, మళ్లీ లేవలేదు. ఆ వైరు ఆయన చుట్టినంతవరకూ చుట్ట, మిగతాది పాము. చిన్నోడు దాన్ని ఇప్పటికీ పూర్తిగా చుట్టలేదు. మొదటి రంధ్రంలో ఇంకేదీ పెట్టలేదు కూడా.

రెండోరోజు సాయంత్రం పెట్టె ఇంకాస్త మాట్లాడింది.

"వంతెన దాటాను... ఎవరు?"

వదిన చేతిలో గ్లాసు కిందపడింది. స్టీలు గ్లాసు కనక బతికింది. ఆ ఊరికి తిరిగొచ్చే దారిలో పాత వంతెన ఒకటుంది. ఎంత దూరం పోయి వాయించొచ్చినా, అన్నయ్య వంతెన దాటగానే ఇంటికి ఫోన్ చేసేవాడు. "వంతెన దాటాను" అనేవాడు. అంతే. ఇంకో మాట ఉండేది కాదు. వదిన లేచి స్టవ్వు మీద నీళ్లు పెట్టేది. ఆయన మెట్లెక్కేసరికి స్నానానికి నీళ్లు సరిగ్గా కాగి ఉండేవి.

ఇప్పుడూ ఆమె వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలో నీళ్లు పడుతున్న చప్పుడు, తర్వాత స్టవ్వు అంటుకున్న చప్పుడు వినిపించాయి. చిన్నోడూ అతని భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ నీళ్లు ఎవరూ పోసుకోలేదు. మరిగి మరిగి సగమయ్యాక భార్య స్టవ్వు కట్టేసింది. చల్లారాక బాల్కనీలో మొక్కలకు పోసింది. పోస్తున్నప్పుడు వదిన చూస్తూనే ఉంది.

అప్పట్నుంచి చీకటి పడే వేళకి వదిన కుర్చీ తెచ్చుకుని పెట్టె ఎదురుగా కూర్చునేది. చిన్నోడు స్విచ్చి వేసేవాడు. వెనకవైపు గాజు ట్యూబులు మెల్లగా ఎర్రబడేవి. కొన్ని సాయంత్రాలు గుర్రు తప్ప ఏమీ వచ్చేది కాదు. కొన్ని సాయంత్రాలు వచ్చేది.

"ఇక్కడ బాగా వాన... ఎవరు?"

"ఒక్కణ్ణే ఉన్నాను... ఎవరు?"

"దారి కనపడ్డం లేదు... ఎవరు?"

ప్రతి మాట చివరా అదే ప్రశ్న. తన మనుషుల్నే మర్చిపోయి, మర్చిపోయినందుకు సిగ్గుపడుతూ మళ్లీ మళ్లీ అడుగుతున్నట్టు. గొంతు ఒక్కోసారి ఒక్కోలా ఉండేది. పోయినవాళ్లకు గొంతు నిలకడగా ఉండదేమో అనుకున్నారు. చిన్నోడికి భయం వేసేది. స్విచ్చి కట్టేశాక ఇంకా ఎక్కువ భయం వేసేది. ఎందుకంటే అప్పుడు మాట్లాడుతున్నవాడి నోరు తనే మూసినట్టుండేది.

"ఏవండీ, ఇది ఇలాగే పోతే అక్క మనకి దక్కదు," అంది భార్య ఒకరోజు బాల్కనీలో, గొంతు తగ్గించి. ఎదురింటి మేడ మీద కొత్తగా పాతిన పొడవాటి ఇనపకర్ర వైపు చూస్తూ అంది. కింద టాక్సీ ఆఫీసు తెరిచినవాళ్లు పాతారది.

అమ్మ కూడా దాన్నే చూస్తోంది. "బట్టలారేసుకోడానికి పాతినట్టున్నారు. తాడు కట్టడం మర్చిపోయారు, తెలివితక్కువ సన్నాసులు," అంది.

పెట్టె ఇంట్లో మాట్లాడితే ఇంటి గొడవ. అది స్టేజీ మీద కూడా మాట్లాడింది. పక్కవీధి హాల్లో ఏదో సంఘం వార్షికోత్సవం. పాటల మధ్యలో ఆర్కెస్ట్రా మేనేజరు మైకు పుచ్చుకుని, "ఇప్పుడు మీ ముందుకొస్తున్నారు, పరిచయం అక్కర్లేని మన అధ్యక్షులవారు!" అన్నాడు.

"ఎవరు?" అంది పెట్టె, హాలంతా వినపడేలా.

జనం చప్పట్లు మర్చిపోయి నవ్వారు. అధ్యక్షులవారు పరిచయం అక్కరొచ్చిన మొహంతో మెట్ల మీదే ఆగిపోయారు. ప్రోగ్రాం అయ్యాక మేనేజరు చిన్నోణ్ణి స్టేజీ వెనక్కి పిలిచాడు.

"చూడు చిన్నోడా, మీ అన్నయ్యంటే నాకు ప్రాణం. కానీ గిటారు వాయించే పెట్టె గిటారే వాయించాలి, ఇంటర్వ్యూలు చెయ్యకూడదు. వచ్చే ఆదివారం ప్రోగ్రాంకి నోరు మూసుకునే ఆంప్ తెచ్చుకో. లేదా నోరు మూసుకుని ఇంట్లో ఉండు."

దాంతో చిన్నోడు టంకం బాబాయి దగ్గరికి పోయాడు. టంకం బాబాయి ఎవరికీ బాబాయి కాడు, ఊళ్లో ఆంప్లిఫయర్లన్నిటికీ బాబాయి. తెగిన వైర్లకు టంకం వేస్తాడు, తెగని కబుర్లకు కూడా. అతని షాపు ఒక పెద్ద భవనం నేలమాళిగలో ఉంది. ఇనప తలుపు, ఇనప బీరువాలు, గోడలకు ఇనప అరలు. సెల్‌ఫోన్‌కి కూడా అక్కడ సిగ్నల్ దొరకదు. ఆ నేలమాళిగలో స్విచ్చి వేస్తే పెట్టె బుద్ధిగా గుర్రుమని ఊరుకుంది.

"చూశావా, నా దగ్గరికొస్తే కిక్కురుమనదు. బాబాయంటే భయం," అన్నాడు బాబాయి. వంగి పెట్టె వెనక చూశాడు. "ఇక్కడ ఇనప జల్లెడ ఉండాలే?"

"గలగలలాడుతోందని అన్నయ్య ఊడదీసి మంచం కింద పడేశాడు."

"పోనీలే, అది అలంకారానికి. అసలు జబ్బు వేరు. విను. ట్యూబులు ముసలివయ్యాయి. ముసలివాళ్లని తీసుకెళ్లి లౌడ్‌స్పీకరు పక్కన పడుకోబెడితే ఏం చేస్తారు? గొణుగుతారు. ఇదీ అంతే. తలా మొండెం ఒకే పెట్టెలో ఉన్నాయి, అందుకే నీకీ తలనొప్పి. తల తీసి వేరే పెట్టెలో పెట్టేద్దాం. మంచి రేకు పెట్టె. అది హెడ్డు. మిగిలింది క్యాబు. గొణుగుడు పోతుంది, నాదీ పూచీ."

"అన్నయ్య... అదే, ఆ గొంతు ఇంక రాదా?"

బాబాయి ఒక్క క్షణం టంకం కడ్డీ పక్కన పెట్టాడు. "రాదు," అన్నాడు. తర్వాత మళ్లీ తన ధోరణిలో పడ్డాడు. "పైగా మోత సంగతి చూడు. కాంబోకి ఇద్దరు కావాలి. వేరు చేస్తే ఒక్కడే రెండుసార్లు మోయొచ్చు. హెడ్డు ఒకసారి, క్యాబు ఒకసారి. నీకిప్పుడు కావాల్సింది అదేగా?"

కావాల్సింది అదే. పెట్టెని ఒక్కడే కావలించుకుని మెట్లు దిగి దిగి నడుం పట్టేసింది. అయినా ఆ మాట చిన్నోడి బుర్రలోంచి పోలేదు. ఒక్కడే రెండుసార్లు. ఇక జన్మంతా అంతేనా?

ఇంటికొచ్చి వదినకు చెప్పాడు. చెప్పడం కూడా సరిగ్గా రాలేదు. "తల తీసేస్తే గొంతు పోతుందట వదినా," అన్నాడు. ఆ మాట ఎంత ఘోరంగా ఉందో అన్నాక తెలిసింది.

వదిన ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించేంత నెమ్మదిగా అడిగింది. "ఒకసారి పోయినవాణ్ణి మళ్లీ పంపించేస్తారా చిన్నా? పేరుకే ఆంప్, చేసేది అంపకమా?"

చిన్నోడు నేల చూశాడు.

"నీ వాయిద్యం నీది. ప్రోగ్రాంలు పోతే ఇల్లు గడవదు. నాకు తెలుసు," అంది ఆమే మళ్లీ. "తీసుకెళ్లు. కానీ తీసుకెళ్లేముందు ఒక్కసారి పెట్టు. నేను చెప్పాల్సింది చెప్పలేదు. ఆయన ఎవరని అడిగినప్పుడల్లా నా నోరు పెగల్లేదు."

మర్నాడు పొద్దువాలుతుండగా బాబాయి ఫోన్ చేశాడు. "క్యాబు తీసుకుని వచ్చెయ్," అన్నాడు.

"ఏ క్యాబు బాబాయి? మొండేనికి తల ఉంది, ఇంకా కొయ్యలేదుగా?"

"అదే, టాక్సీ క్యాబులో ఈ క్యాబు వేసుకుని రా!"

ఎదురింటి టాక్సీ ఆఫీసులో భార్యే చెప్పొచ్చింది. సామాను బరువని, మూడో అంతస్తని, డ్రైవరు పైకొచ్చి సాయం పట్టాలని మరీ మరీ చెప్పింది. బండ్లన్నీ బయటికెళ్లాయి, వచ్చిన మొదటి బండి పంపిస్తామన్నారు.

చిన్నోడు చివరిసారి స్విచ్చి వేశాడు. ట్యూబులు ఎర్రబడ్డాయి. హాల్లో దీపం ఎవరూ వేయలేదు. అమ్మ సోఫా అంచున, భార్య గోడకానుకుని, వదిన తన కుర్చీలో. అన్నయ్య సగం చుట్టిన వైరు నేల మీద పడి ఉంది. గుర్రు పెరిగింది. గరగర మొదలైంది.

"వంతెన దాటాను... ఎవరు?"

వదిన లేవబోయి, నీళ్లు పెట్టడానికి వెళ్తే మాట పోతుందని కూర్చుండిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఇంతకుముందెప్పుడూ లేనంత దగ్గరగా, స్పష్టంగా వినిపించింది.

"మన వీధిలోకి తిరిగాను... ఎవరు?"

భార్య వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది.

"మెట్లెక్కుతున్నాను... ఎవరు?"

చిన్నోడికి అడుగుల చప్పుడు వినిపించింది. పెట్టెలోంచి కాదు, బయటినుంచి. మెట్ల మీద, బరువైన అడుగులు, మలుపు దగ్గర కాస్త ఆగి మళ్లీ మొదలయ్యాయి. అన్నయ్య కూడా ఆ మలుపు దగ్గరే ఆగేవాడు.

"గుమ్మం ముందున్నాను," అంది పెట్టె, గది నిండిపోయేంత గట్టిగా. "ఎవరు?"

కాలింగ్ బెల్ మోగింది.

ఎవరూ కదల్లేదు. వదిన పెదాలు మాత్రం కదిలాయి. చిన్నోడి కాళ్లు నేలకు టంకం వేసినట్టు అతుక్కుపోయాయి. బెల్లు మళ్లీ మోగింది.

"తలుపు తీయరేంట్రా! నాక్కూడా వినపడింది, మీకేమొచ్చింది?" అని అమ్మ విసుక్కుంటూ లేచి గడియ తీసింది.

గుమ్మంలో ఖాకీ చొక్కా మనిషొకడు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చేతిలో నల్లటి వైర్‌లెస్ సెట్టు. "టాక్సీ అండీ," అని, సెట్టు నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కాడు. "పార్టీ దొరికింది. ఓవర్."

"పార్టీ దొరికింది. ఎవరు?" అంది లోపల పెట్టె, అతని గొంతుతోనే.

డ్రైవరు గుమ్మంలోనే వెనక్కి గెంతాడు. "అమ్మో! లోపలెవరండీ నాలా మాట్లాడుతున్నారు?"

ముందు తేరుకున్నది భార్య. కుక్కర్లోంచి ఆవిరి పోయినట్టు నోట్లోంచి గాలి వదిలింది.

"ఓవరు," అంది. "ఏవండీ, ఓవరు! ఎవరూ కాదు, కవరూ కాదు, పవరూ కాదు. ఓవరు!"

చిన్నోడు కిటికీ దగ్గరికెళ్లి ఎదురింటి ఇనపకర్ర చూశాడు. పెట్టె వెనక జల్లెడ లేని బొక్క చూశాడు. పెట్టె మాట్లాడ్డం మొదలైంది ఆ ఆఫీసు తెరిచాకే కదా అనుకున్నాడు. ఇన్ని సాయంత్రాలుగా ఈ క్యాబులోంచి మాట్లాడింది ఆ క్యాబులే.

విషయం చెప్తే డ్రైవరు నెత్తి గోక్కున్నాడు. "అదాండీ! ఫోన్ చేస్తే మేం ఎత్తడం లేదని మా ఓనరు ఎక్కడివో పాత సెట్లు కొనుక్కొచ్చాడు. మొదట్లో పక్కషాపు టీవీలో కూడా మేమే వచ్చేవాళ్లం. టీవీవాడు గొడవపెట్టుకుని, చివరికి దానికి ఇనప తొడుగేదో చేయించుకున్నాడు. అప్పట్నుంచి రావట్లేదు."

వదిన ఇంకా కుర్చీలోనే ఉంది. "ఓవరంటే ఏంటి బాబూ? అయిపోయిందనా?"

"కాదమ్మా. నేను చెప్పేది చెప్పాను, ఇంక నువ్వు చెప్పు అని. ఒకరు మీట నొక్కితే ఇంకొకరు మాట్లాడలేరు కదా, అందుకని వంతు ఇవ్వాలి. మొత్తం అయిపోతే 'ఔట్' అంటాం."

"ఔటనడం నేనెప్పుడూ వినలేదే."

"మా డ్యూటీ ఎక్కడ అయిపోతుందమ్మా, అనడానికి?"

వదిన లేచి చెయ్యి చాపింది. డ్రైవరు చిన్నోడి వైపు చూసి, ఏమనుకున్నాడో, సెట్టు ఆమె చేతికిచ్చి మీట ఎక్కడ నొక్కాలో చూపించాడు. ఆమె నొక్కింది. గొంతు సవరించుకుంది.

"నీళ్లు కాగాయి," అంది. కాస్త ఆగి, "ఓవరు," అంది.

"నీళ్లు కాగాయి... ఎవరు?" అంది పెట్టె. ఆమె గొంతే, కానీ ఎక్కడో దూరాన, దుప్పటి ముసుగులోంచి. చిన్నోడు మొహం తిప్పుకున్నాడు. అంతదాకా ఆ పెట్టెలోంచి ఎవరు మాట్లాడినా అన్నయ్యే అనుకున్నారంటే అందులో వింతేముంది? బతికున్న మనిషి గొంతే అందులోంచి వస్తుంటే అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టుంది.

ఆఫీసు నుంచి చిర్రుబుర్రులాడుతూ జవాబు వచ్చింది. సెట్టులోంచి ఒకసారి, పెట్టెలోంచి ఒకసారి. "లైన్లో ఆడగొంతేంటి? ఎవరు? ఓవర్."

పెట్టె మాత్రం ఎవరు, ఎవరు అని రెండుసార్లు అడిగింది. మొదటిది నిజంగానే ఎవరు. రెండోది ఓవరు.

వదిన మీట నొక్కింది. "మూడో అంతస్తులో ఉంటానండీ. గిటారు వాయించే పెద్దాయన భార్యని," అంది. ఇన్నాళ్లూ నోరు పెగలని జవాబు అంత తేలిగ్గా బయటికొచ్చింది. ఆ తర్వాత కన్నీళ్లొచ్చాయి. ఎవరూ ఆపలేదు. అమ్మ పమిట చెంగు అందించింది.

"మరి ఏం చేద్దాం వదినా?" అన్నాడు చిన్నోడు చివరికి. "బాబాయి తల తీస్తానని కాచుకుని ఉన్నాడు."

"వద్దు. మంచం కింద జల్లెడుంది చూడు, అది బిగించమను. ఈ గొంతులు పోతే పోనీ, వాళ్ల మాటలు వాళ్లవి. పెట్టెని మాత్రం వేరు చేయకు."

"ఒక్కణ్ణే మోయలేకపోతున్నా వదినా."

వదిన పెట్టె దగ్గరికెళ్లి ఒకవైపు పిడి పట్టుకుంది. "ఎవరు మోయమన్నారు ఒక్కణ్ణే? నువ్వు పైనుండు."

"కిందివైపు బరువు, అక్కా," అంది భార్య కంగారుగా.

"అయితే నువ్వు కూడా ఓ చెయ్యెయ్యి."

డ్రైవరు ఈలోగా సెట్టు తీసుకుని అన్ని బండ్లకూ వినపడేలా మొదలుపెట్టాడు. పెట్టె స్విచ్చి ఇంకా కట్టలేదు కనక అతను చెప్పిందంతా హాల్లో కూడా గంభీరంగా మోగుతోంది. "అందరూ వినండి! మన ఎదురింట్లో గిటారు పెట్టె ఒకటుంది. మనం మాట్లాడేదంతా దాంట్లో వస్తోందట. మనం ఓవర్ అంటే ఈ ఇంట్లో వాళ్లకి ఎవరు అని వినపడుతోందట. వంతెన దాటామని మనం చెప్పినప్పుడల్లా వీళ్లు తమ మనిషే వస్తున్నాడనుకున్నారు. ఇన్ని రోజులుగా ఇదే వరస. ఇంక బూతులవీ తగ్గించండి. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత ఒక గొంతు వచ్చింది. మొదటి సాయంత్రం విన్న ఆ అలిసిపోయిన గొంతే. "వంతెన దగ్గరున్నాను. దాటానని చెప్పమంటారా, వద్దా? ఓవర్."

వదినే సెట్టు అందుకుంది. "చెప్పు నాయనా," అంది. "జాగ్రత్తగా దాటి, మీ ఇంట్లోవాళ్లకి చెప్పు. ఔట్."

చిన్నోడు స్విచ్చి కట్టేశాడు. ట్యూబుల్లో ఎరుపు మెల్లగా తగ్గింది.

"ఏమంటున్నాడే ఆ ఖాకీచొక్కా?" అంది అమ్మ. "పవరు పోయిందనా?"

భార్య ఆమె కుడిచెవి దగ్గర నోరు పెట్టి, "ఓ-వ-రు!" అని అరిచింది. "ఎవరు కాదత్తయ్యా, ఓవరు! మనకి తప్పుగా వినపడింది!"

"నాకెప్పుడో తెలుసు తప్పని. మీరంతా ఎవరు, ఎవరు అంటుంటే మీ చెవుల్లో ఏదో తేడా ఉందనుకున్నా," అంది అమ్మ.

చిన్నోడు నేల మీది వైరు తీసుకుని, అన్నయ్య ఆపిన చోటినుంచి చుట్టడం మొదలుపెట్టాడు. భార్య బాల్కనీలోకి వెళ్లి, ఇన్నాళ్లూ తీగ మీదే ఉండిపోయిన పెట్టె కవరు దులుపుకుంటూ వచ్చింది.

"ఇంక దీన్ని వెయ్యొచ్చా?" అంది.